వారంలో రెండు పూటలు మందిరం తలుపు తెరవండి: వరంగల్, హనుమకొండ, కాజీపేట సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టర్ అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కలకు, సండే స్కూల్ టీచర్లకు, యూత్‌కు,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

మన మూడు ఊళ్లలో పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మాది అందులో ఒకటి. మా బాబుకు పదమూడేళ్లు, పాపకు తొమ్మిది. ఈ ఉత్తరం డబ్బు సాయం కోసం రాయడం లేదు. మేం పట్టిన దారే మంచిదని మీరు ప్రసంగంలో చెప్పాలని కూడా అడగడం లేదు. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో చాలావరకు తాళం వేసి ఉండే మందిరం హాలును వారంలో రెండు పూటలు మాకు తెరవండి. సంఘంలో ఏదైనా నేర్పగలిగిన పెద్దవాళ్లను ఆ రెండు పూటలు మా పిల్లల దగ్గర కూర్చోబెట్టండి. నా మనవి ఇదే. మిగతాదంతా దాని వివరమే.

ముందు మేం ఎవరమో చెప్పాలి. ఇంటి చదువు పెట్టుకున్నవాళ్లందరూ ఒకే కారణంతో ఇటు రాలేదు. చదవడం, రాయడం ఆలస్యంగా వచ్చే పిల్లాడిని క్లాసులో అందరి ముందు మొద్దు అంటుంటే భరించలేక మాన్పించినవాళ్లు ఉన్నారు. మా బాబు సంగతి అదే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని చీకటితో బస్సు ఎక్కించి, రాత్రికి గాని ఇంటికి పంపని చదువు తమ పిల్లకు వద్దనుకున్నవాళ్లు ఉన్నారు. పరిచర్య కోసం తరచూ ఊరు మారే సువార్తికుల కుటుంబాలు ఉన్నాయి. వాక్యమైనా, చదువైనా తల్లిదండ్రుల చేతుల మీదుగానే అందాలని నమ్మి మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. వీళ్లలో బాగా ఉన్నవాళ్లు ఒకరిద్దరే. ఎక్కువ మంది ఒక్క జీతం మీద, రెండు గదుల ఇంట్లో, వంటా చదువూ ఒకే నాపరాయి అరుగు మీద చేసుకునేవాళ్లు.

ఆరాధన అయ్యాక మందిరం బయట మాకు ఎదురయ్యే ప్రశ్నలు మీకు తెలియనివి కావు. "బడికి ఎందుకు పంపుత లేవమ్మా? ఫీజు కష్టమైతుందా?" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారని నాకు తెలుసు. కానీ ఆ వెంటనే పిల్లాడి వైపు తిరిగి "పదిహేడో ఎక్కం చెప్పు రా" అంటారు. పక్కన నిలబడ్డ బడి పిల్లలను ఎవరూ ఎక్కం అడగరు. నలుగురిలో తప్పు చెప్తే అమ్మ పరువు పోతుందని పిల్లవాడికి తెలుసు, అందుకే ఆదివారం వస్తుందంటే వాడికి టెన్షన్. దయచేసి ఈ పరీక్ష మానండి. దానికి బదులు "ఈ వారం ఏం చేశావు నాన్నా?" అని అడగండి. మా బాబైతే సైకిల్ చైన్ విప్పి మళ్లీ ఎలా బిగించాడో, వడ్డేపల్లి చెరువు దగ్గర ఏ పిట్టలు కనిపించాయో మీకు ఓపిక ఉన్నంతసేపు చెప్తాడు.

చట్టం గురించి చాలామంది పెద్దలకు భయం ఉంది. అది న్యాయమైన భయమే కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని అందులో పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష ఏదీ లేదు. ఇంటి చదువును అది పేరు పెట్టి ఒప్పుకోలేదు, పేరు పెట్టి కాదనలేదు. ఇంకో మాట కూడా అందులో ఉంది. బడి మానిన పిల్లలు మళ్లీ చేరాలనుకుంటే ఎనిమిదో తరగతి వరకు వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అంటే మా పిల్లలకు తిరిగి వెళ్లే తలుపు మూసుకుపోలేదు. ఏదైనా కుటుంబం ఇక ఇంట్లో చెప్పలేమని అనుకుంటే, దాన్ని ఓటమిగా చూడకుండా వెంట వెళ్లి ప్రభుత్వ బడిలో చేర్పించి రండి. అది కూడా మేం అడిగే సాయంలో భాగమే.

సంఘాలు జాగ్రత్త పడాల్సింది పద్దెనిమిదో సెక్షన్ దగ్గర. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. కాబట్టి మందిరం గోడ మీద స్కూల్ అని బోర్డు పెట్టొద్దు, అడ్మిషన్లు, తరగతులు, ఫీజులు పెట్టొద్దు. వారంలో రెండు పూటలు తల్లులు, పిల్లలు, పెద్దలు కలిసి కూర్చునే చోటుగానే దాన్ని ఉంచండి. పిల్లల చదువు బాధ్యత తల్లిదండ్రులదే, అది మేం మీ మీదికి నెట్టం.

పదో తరగతి సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో చదివితే సర్టిఫికెట్ ఎట్లా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ, 1989 నుంచి ఉంది. రాష్ట్రంలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు ఓపెన్ టెన్త్ రాయవచ్చు, తెలుగు మీడియంలో కూడా రాయవచ్చు. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు. చిన్న పిల్లలకు ఎన్ఐఓఎస్‌లో ఓపెన్ బేసిక్ అని మూడు స్థాయిలు ఉన్నాయి, అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. ఓపెన్ టెన్త్ అంటే ఫెయిలైనవాళ్లు రాసేదన్న మాట మన దగ్గర బలంగా పాతుకుపోయింది. మీ ప్రకటనల్లో ఒక్కసారి ఈ సంగతి చెప్పగలిగితే మా పిల్లలకే కాదు, ఎప్పుడో బడి మానేసి ఇప్పుడు చదువుకోవాలనుకునే కోడళ్లకు, ఆటో నడిపే తమ్ముళ్లకు కూడా పనికొస్తుంది.

ఇక హాలు విషయం. మా పిల్లలకు ఇంట్లో పాఠం దొరుకుతుంది, తోడు దొరకదు. తొమ్మిదేళ్ల పాప రోజంతా అమ్మతో, అన్నతో ఎంతసేపని మాట్లాడుతుంది? ఆడుకోవడానికి, పోట్లాడుకుని మళ్లీ కలవడానికి, తన వంతు వచ్చేదాకా ఆగడానికి, నలుగురి ముందు నిలబడి మాట్లాడటానికి ఇంకో పది మంది పిల్లలు కావాలి. అంతమందిని కూర్చోబెట్టే చోటు మా ఇళ్లలో లేదు. మీ దగ్గర చాపలు ఉన్నాయి, ఫ్యాన్లు ఉన్నాయి, బాత్‌రూమ్ ఉంది, కీబోర్డు ఉంది, చాలా చోట్ల కాంపౌండ్ గోడ లోపల చెట్టు నీడ కూడా ఉంది. మే నెలలో వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ తరగతులు) పెట్టినప్పుడు అదే హాలులో వంద మంది పిల్లలను సంబాళిస్తారు. పాటలు, కథలు, యాక్షన్ సాంగ్స్, మజ్జిగ ప్యాకెట్లు, చివరి రోజు ప్రోగ్రాం, అన్నీ మీకు చేతనైన పనులే. నేను అడుగుతున్నది అందులో పదో వంతు, అదీ సంవత్సరం పొడుగునా. కరెంటు బిల్లులో మా వంతు మేం కడతాం. ఊడ్చి, చాపలు మడిచి, తాళం వేసి తాళంచెవి పాస్టర్ అమ్మగారికి అప్పగిస్తాం.

ఇది మన సంఘాలకు కొత్త పని కూడా కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ హనుమకొండకు 1879లో వచ్చింది. 1912 చివర్లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారి కాలంలో పల్లె పల్లెకూ ఉపదేశులు వెళ్లారు. వాళ్లు వాక్యం చెప్పేవాళ్లు, పిల్లలకు అక్షరాలూ దిద్దించేవాళ్లు. చాలా ఊళ్లలో ప్రార్థన ఇల్లూ బడీ ఒకే కప్పు కింద ఉండేవి. మన సంఘాల్లో ఎంతోమంది తాతలు సంతకం పెట్టడం నేర్చుకున్నది ఆ కప్పుల కిందే. తర్వాత మిషన్ బడులు పెద్ద క్యాంపస్‌లయ్యాయి, అది మంచిదే. కానీ ఇంటి పక్క ప్రార్థన ఇంట్లో నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకునే అలవాటు ఆగిపోయింది. అది ఆగిపోవాల్సినది కాదని నా నమ్మకం.

హాలు కన్నా ముఖ్యమైనవాళ్లు మనుషులు. కాజీపేట సంఘాల్లో రైల్వే లోకో షెడ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన అన్నలు ఉన్నారు. ఇంజిన్ ఎలా నడుస్తుందో వాళ్లు చెప్పినట్టు ఏ సైన్స్ పుస్తకమూ చెప్పదు. ఎంజీఎం ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మలు ఉన్నారు. గాయానికి కట్టు కట్టడం, జ్వరం చూడటం, ఓఆర్ఎస్ కలపడం, ఎదుగుతున్న ఆడపిల్లలకు చెప్పాల్సిన మాటలు మర్యాదగా చెప్పడం వాళ్లకు వచ్చు. ప్రభుత్వ బడుల్లో లెక్కలు, హిందీ చెప్పిన టీచర్లు ఉన్నారు. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసే కుటుంబాలు ఉన్నాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పిల్లలు పుస్తకంలో చదవడం ఒక ఎత్తు, పోగులు లెక్కపెట్టి నమూనా ఎలా వస్తుందో మగ్గం పక్కన కూర్చుని చూడటం ఇంకో ఎత్తు. లెక్కలంటే ఏడ్చే మా బాబు అక్కడ పోగుల లెక్క తప్పకుండా చెప్పాడు. టైలర్లు, ఎలక్ట్రీషియన్లు, బ్యాంకు ఉద్యోగులు, కౌలుకు పత్తి వేసే రైతులు, ఎవరి పని వాళ్లు గంటసేపు చూపించి వివరిస్తే చాలు.

ఈ పెద్దవాళ్లలో చాలామంది పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. పగలంతా టీవీ ముందు ఒంటరిగా ఉంటారు. వాళ్ల ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి వస్తున్నాం, మంచిదే. వాళ్లకు పని కూడా ఇవ్వాలి. ఒక ఆదివారం ఆరాధన తర్వాత కాగితం ఒకటి పెట్టి, ఎవరు ఏం నేర్పగలరో, ఏ రోజు, ఎంతసేపు రాగలరో రాయించండి. గొప్పగా బోధించడం వచ్చా రాదా అన్నది అంత ముఖ్యం కాదు. మంగళవారం పదింటికి వస్తానన్నవాళ్లు మంగళవారం పదింటికి రావాలి. పిల్లలు పొద్దుటి నుంచీ తయారై కూర్చుంటారు. రెండుసార్లు రాకపోతే మూడోసారి నమ్మరు. కాబట్టి నెలకు ఒక్క గంటే ఇవ్వగలిగితే ఆ ఒక్క గంటే రాయమని చెప్పండి.

యూత్‌కు ఒక ప్రత్యేకమైన మనవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, చదవడం రాయడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బందులను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. డాక్టర్ల సర్టిఫికెట్ ఉంటే అలాంటి పిల్లలు పరీక్షలో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే సహాయకుణ్ణి అడగవచ్చు. అయితే ఇంకొకరితో జవాబు రాయించుకోవడం కూడా ఒక విద్యే. ఎక్కడ ఆగాలి, ఎక్కడ కొత్త పేరా అని చెప్పాలి, రాసేవాళ్ల వేగానికి తగ్గట్టు ఎలా మాట్లాడాలి అన్నది ముందుగా సాధన చేయాలి. డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు శనివారం ఒక గంట మా బాబు లాంటి పిల్లలతో కూర్చుని, వాళ్లు చెప్తుంటే రాస్తే చాలు. అమ్మ రాస్తే పిల్లవాడు సగం చెప్పి ఆపేస్తాడు, మిగతా సగం అమ్మకు ఎలాగూ తెలుసు కదా అని. బయటివాళ్లు రాస్తేనే పూర్తిగా చెప్పడం వస్తుంది.

తల్లుల గురించి స్త్రీల సమాజానికి చెప్పాలి. ఇంటి చదువు బరువులో ముప్పాతిక వంతు తల్లి మీదే పడుతుంది. జ్వరం వచ్చినా సెలవు లేదు. అత్తగారు, ఆడబిడ్డలు, పక్కింటివాళ్లు అందరూ ఆమెనే అడుగుతారు. పిల్లవాడు వెనకబడితే ఆమె తప్పు, ముందుకు పోతే వాడి తెలివి. ఉపవాస ప్రార్థనలో మా పేర్లు పెట్టి ప్రార్థిస్తున్నారు, దానికి కృతజ్ఞతలు. దాంతో పాటు నెలకు ఒక పొద్దున ఇంటికొచ్చి పిల్లలను చూసుకుంటామనండి. ఆ పూట ఆమె నిద్రపోతుందో, తల్లిగారింటికి వెళ్తుందో, బ్యాంకు పని చూసుకుంటుందో అది ఆమె ఇష్టం. ఒక కూర వండి పంపినా ఆ రోజు ఒక పాఠం ఎక్కువ జరుగుతుంది. తండ్రులతో పాస్టర్ అయ్యగార్లు మాట్లాడాలి. డ్యూటీ నుంచి వచ్చాక అరగంట పుస్తకం పట్టుకుని కూర్చోమని మేం చెప్తే గొడవ అవుతుంది, మీరు చెప్తే వింటారు.

మార్చిలో ప్రతి సంఘంలోనూ పరీక్షల ప్రార్థన ఉంటుంది. టెన్త్, ఇంటర్ రాసే పిల్లలు హాల్‌టికెట్లు, పెన్నులు పట్టుకుని ముందుకు వస్తారు, అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. ఓపెన్ స్కూల్ పరీక్షలు ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, మళ్లీ అక్టోబర్ ప్రాంతంలో ఒకసారి జరుగుతాయి. ఆ పిల్లలను ఎవరూ ముందుకు పిలవరు. అక్టోబర్‌లో ఒక ఆదివారం వాళ్లనూ పిలవండి. ఫలితాలు వచ్చాక శాలువా కప్పి బైబిల్ బహుమతిగా ఇచ్చేటప్పుడు వాళ్ల పేరూ చదవండి. ఇంకోటి, ఓపెన్ స్కూల్ కాంటాక్ట్ క్లాసులు ఎక్కువగా ఆదివారాలు, సెలవు రోజుల్లో పెడతారు. ఆ పిల్లలు ఆరాధనకు రాలేదని తల్లిదండ్రులను తప్పుపట్టకండి. పొద్దున్నే ఆరాధన ఉన్న సంఘాలు వాళ్లను అందులో కలుపుకోవచ్చు, లేదంటే సాయంత్రం కూడికకు పిలవవచ్చు.

కాగితాల పని కూడా మా మీద పెద్ద బరువే. బడి లేని పిల్లలకు బోనఫైడ్, అంటే ఫలానా బడిలో చదివారనే పత్రం, ఉండదు. రేపు స్థానికత నిరూపించుకోవాలంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి నివాస ధ్రువీకరణ పత్రం కావాలి, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, కులం సర్టిఫికెట్ అన్నింట్లో పేరు ఒకే తీరుగా ఉండాలి. బాప్తిస్మం పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉన్న ఇళ్లు మనలో ఎన్నో. ప్రతి సంఘంలో రెవెన్యూ ఆఫీసులోనో మున్సిపల్ ఆఫీసులోనో పనిచేసినవాళ్లు ఒకరైనా ఉంటారు. పిల్లలకు పద్నాలుగేళ్లు రాకముందే ఆ పేర్లు సరిచూసిపెట్టే బాధ్యత వాళ్లకు అప్పగించండి.

ఊరు చూపించడానికి మందిరం వ్యాన్ నెలకొకసారి ఇస్తే సంతోషం. ఖిల్లా, సైన్స్ సెంటర్, 1904 నుంచి హనుమకొండలో ఉన్న రాజరాజ నరేంద్ర భాషానిలయం గ్రంథాలయం మనకు దగ్గరే. రామప్పకు కూడా తీసుకెళ్లాలి. గుడి కదా అని కొందరు పెద్దలు వెనకాడతారని నాకు తెలుసు. 1213 నాటి ఆ కట్టడం కింద ఇసుక పునాది ఎలా వేశారో, శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు ఎందుకు వాడారో పక్క జిల్లాలోనే ఉన్న మన పిల్లలకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చినదాన్ని మన పిల్లలు చరిత్రగా, ఇంజినీరింగ్‌గా చూడటంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మమ్మల్ని కళ్లు మూసుకుని సమర్థించకండి. ఇంటి చదువు పేరు చెప్పి ఆడపిల్లను చంటిపిల్లలను ఎత్తుకోవడానికి, వంటకు పెట్టుకున్న ఇల్లు ఉంటే అక్కడ చదువు లేదు. సీజన్ వచ్చిందని పిల్లలను మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి పంపుతుంటే అక్కడా చదువు లేదు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాట వస్తే ఆ పెళ్లి చేయనని పాస్టర్ గారు అక్కడే చెప్పాలి. మూడు నెలలకొకసారి ఒక అక్క, ఒక టీచరు కలిసి ఇంటికి రండి, పిల్లలతో విడిగా మాట్లాడండి, నోటు పుస్తకాలు చూడండి. మా ఇంటితోనే మొదలుపెట్టండి. నిజంగా చదివించేవాళ్లు ఎవరూ దీనికి బాధపడరు. పిల్లలకు ఇంట్లో హింస ఉందని అనుమానం వస్తే కుటుంబం పరువు, సంఘం పరువు అని దాచకండి, 1098కి ఫోన్ చేయండి.

అదే నియమం హాలుకూ వర్తించాలి. ఏ పెద్దమనిషీ, ఎంత నమ్మకస్తుడైనా, మూసిన గదిలో పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం నేరం. దీన్ని కాగితం మీద రాసి, వచ్చే ప్రతి ఒక్కరితో సంతకం చేయించండి. అయ్యగారి బంధువైనా, కమిటీ సెక్రటరీ అయినా మినహాయింపు ఉండకూడదు.

బైబిల్లోని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం చూపించి, పిల్లలను బడికి పంపేవాళ్లది తక్కువ విశ్వాసం అన్నట్టు ఈ మధ్య కొన్ని చోట్ల మాట్లాడుతున్నారు. మా తరఫున ఆ మాట ఎవరూ అనొద్దు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు పిల్లలకు నేర్పమన్న ఆజ్ఞ బడి పిల్లల తల్లిదండ్రులకూ ఉంది, వాళ్లలో ఎంతోమంది దాన్ని మాకన్నా బాగా పాటిస్తున్నారు. ప్రభుత్వ బడుల్లో చెప్పే మన టీచర్లు ఆ మాటకు నొచ్చుకుంటున్నారు. రేపు మా పిల్లలకు లెక్కలు చెప్పడానికి మేం వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే.

ఆ రెండు పూటలు మన సంఘం పిల్లలకే పరిమితం చేయవద్దని కూడా కోరుతున్నాను. మందిరం చుట్టుపక్కల బడి మానేసిన పిల్లలు ఉంటారు, ఏ మతం వాళ్లైనా వాళ్లనూ రానివ్వండి. చదువు కోసం వచ్చిన పిల్లలకు చదువే చెప్పాలి, ఆ గంటల్లో మతం మార్పు మాట రాకూడదు. వాళ్ల అమ్మానాన్నలు మనల్ని నమ్మి పంపుతారు. వాళ్లలో బడికి వెళ్లగలిగినవాళ్లను తిరిగి బడిలో చేర్పించడం మన మొదటి పని కావాలి.

మే నెలలో వీబీఎస్ కోసం కమిటీలు కూర్చుంటాయి. ఆ ఎజెండాలోనే ఈ విషయం కూడా పెట్టండి. వీబీఎస్ అయిన తర్వాత చాపలు గోదాములో పెట్టకుండా ఉంచి, జూన్‌లో బడులు తెరిచే వారం నుంచే మొదలుపెడదాం. ఒక్క సంఘం ముందుకొచ్చినా చాలు, మిగతా సంఘాల పిల్లలు అక్కడికే వస్తారు. మొదటి మూడు నెలలు హాజరు, శుభ్రత, ఖర్చుల లెక్క మా తల్లులమే రాసి ప్రతి నెలా కమిటీకి ఇస్తాం. మూడు నెలల తర్వాత సంఘానికి ఇబ్బంది అనిపిస్తే, మీరు ఆపమన్న రోజున తాళంచెవి తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
మీ సంఘాల్లోని ఒక తల్లి,
హనుమకొండ